బ్యాలెన్సింగ్ కాదు, షాఫ్టు చూడండి

పాత జిప్సీ ఎనభై దాటితే అదురుతోందని ఎవరితోనైనా అని చూడండి. మాట పూర్తికాకముందే "బ్యాలెన్సింగ్ చేయించండి సార్" అంటారు. టైర్ల కొట్టాయనా అంతే, బంకులో గాలి పట్టే కుర్రాడూ అంతే, పెళ్లిలో పక్క కుర్చీలో కూర్చున్న చుట్టమూ అంతే. వినీ వినీ ఒళ్లు మండిపోతోంది. అదురు ఎక్కడ పుడుతోందో అడక్కుండా మందు చెప్పేస్తారేం?

ముందు అడగాల్సింది మన చేతుల్నీ నడుమునీ. స్టీరింగ్ ఊగితే ముందు చక్రాలను అనుమానించాలి. స్టీరింగ్ నిబ్బరంగా ఉండి సీటు కింద జుమ్మంటుంటే వెనక్కో మధ్యలోకో చూడాలి. ఖాళీ రోడ్డు మీద అదే వేగంలో న్యూట్రల్‌కి తెచ్చి ఇంజనును ఐడ్లింగ్‌లో వదలండి. అయినా అదురు తగ్గలేదంటే పాపం ఇంజనుది కాదు.

లెక్క కూడా సులువే. జిప్సీ టైరు చుట్టుకొలత రెండు మీటర్ల పైచిలుకు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు పది పదకొండు సార్లు తిరుగుతుంది. ప్రొపెల్లర్ షాఫ్టు దానికి సుమారు నాలుగింతలు. అందుకే చక్రం తేడా దడదడమంటుంది, షాఫ్టు తేడా గుయ్యిమని రొద పెడుతుంది. ఈ రెండూ చెవికి పట్టుబడితే సగం ఖర్చు తప్పినట్టే.

చక్రాల సంగతైతే ముందు రిమ్ము లోపలివైపు చెయ్యి పెట్టి చూడండి. నల్లరేగడిలో దిగొచ్చిన బండికి అక్కడ పిడికెడు మట్టి ఎండి గట్టిపడి ఉంటుంది. గీకేస్తే చాలు.

అసలు కథ షాఫ్టుది. 1985లో వచ్చిన 970 సీసీ జిప్సీ అయినా, 1996 నాటి 1300 సీసీ కింగ్ అయినా, ముందు వెనక చక్రాలకు శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్సుకు అతుక్కుని ఉండదు. విడిగా రబ్బరు మౌంట్ల మీద వేలాడుతుంది. అందుకే ముందుకొకటి, వెనక్కొకటి, మధ్యలో పొట్టిదొకటి, మూడు షాఫ్టులు. ఆ రబ్బరు చచ్చి కేసు వాలిందంటే కోణాలన్నీ మారిపోతాయి. అందం కోసం బండి ఎత్తు పెంచేవాళ్లూ ఇదే చేస్తున్నారు, డబ్బిచ్చి మరీ!

షాఫ్టు కొసన కోణంలో తిరిగే క్రాసుకు, అంటే యూనివర్సల్ జాయింటుకు, ఒక స్వభావం ఉంది. ఇవతలి కొస ఒకే వేగంతో తిరుగుతున్నా, అవతలి కొస ప్రతి చుట్టులో రెండుసార్లు ముందుకురుకుతుంది, రెండుసార్లు వెనకబడుతుంది. రెండో కొసనున్న క్రాసు ఆ హెచ్చుతగ్గుల్ని కొట్టెయ్యాలి. కొట్టెయ్యాలంటే షాఫ్టు రెండు కొసల్లో క్రాసును పట్టుకునే యోకులూ ఒకే వరుసలో ఉండాలి. షాఫ్టు దింపి, స్లిప్ జాయింటు లాగి, మళ్లీ ఎలా పడితే అలా దూర్చారా, ఇక అంతే. దింపేముందు సుద్దముక్కతో ఒక్క గీత గీయడానికి ఏం బద్ధకం?

ఒక షెడ్డులో నా బండికి ఇదే చేశారు. క్రాసులు మార్చమని ఇస్తే, నున్నగా పోయిన బండి గుయ్యిమంటూ తిరిగొచ్చింది. నేను షాఫ్టు అంటాను, షెడ్డు మెకానిక్ టైర్లంటాడు. కిందికి దూరి టార్చి వేసి చూశాను. ముందు యోకు నిటారుగా ఉంది, వెనక యోకు పక్కకు ఒరిగి ఉంది. మెరిసే కొత్త గ్రీజు కింద, కంపెనీవాళ్లు కొట్టిన గుర్తులు ఒకదానికొకటి ఎడమొహం పెడమొహంగా ఉన్నాయి. చూపిస్తే ఆయనన్న మాట: "ఎలాగూ తిరిగేదే కదా సార్!" తిరిగేదే కాబట్టే కదయ్యా!

మా ఊళ్లో ఒక ముసలి మేస్త్రీ ఉండేవాడు. ఏది విప్పినా ముందు తెల్ల పెయింటుతో చుక్క పెట్టేవాడు. జీపుకే కాదు, అమ్మ కుట్టుమిషనుకీ, మా చేలో ఆయిల్ ఇంజనుకీ. ఆ ఆయిల్ ఇంజన్లు ఎంత గొప్పవని! ఒంటి సిలిండరు, అటూ ఇటూ రెండు బరువైన ఫ్లైవీళ్లు. సిలిండరులో పడే ఒక్కో గుద్దునూ ఆ బరువే దాచుకుని, నీళ్లు ఆగకుండా తోడించేది. హేండిల్ తిప్పేటప్పుడు బొటనవేలు అవతలివైపు చుట్టకుండా నాలుగువేళ్లతో కలిపి పట్టుకోవాలని, ఎదురుతన్నితే వేలు విరుగుతుందని నేర్పింది ఆయనే. కరెంటు మోటారు వచ్చాక మా ఇంజనును కిలోల లెక్కన పాత ఇనుముకి వేసేశారు. నేనప్పుడు హాస్టల్లో ఉన్నాను. నన్నడిగి ఉంటే చచ్చినా ఒప్పుకునేవాణ్ని కాదు.