సూది భయం పెట్టకండమ్మా

"అన్నం తినకపోతే నర్సమ్మను పిలిచి సూది వేయిస్తా!" ఊళ్లో ఏ వీధిన వెళ్లినా ఈ మాట నా చెవిన పడుతుంది. నేను ఏఎన్‌ఎంని. అంగన్‌వాడీ కేంద్రంలో పిల్లలకు టీకాలు వేస్తాను. అలాంటి బెదిరింపులు వింటూ పెరిగిన పిల్లలు, అయిదేళ్లు దాటి డీపీటీ బూస్టర్‌కి వచ్చినప్పుడు గుమ్మం దగ్గరే అమ్మ చీర పట్టుకుని గింజుకుంటారు. వాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

పసిబిడ్డల సంగతి వేరు. ఆరో వారంలో నోట్లో చుక్కలు పోలియోకి, రోటావైరస్‌కి. ఎడమ తొడకు పెంటావలెంట్, కుడి తొడకు పీసీవీ, కుడి జబ్బకు పోలియో ఇంజక్షన్. "ఒక్కరోజే ఇన్ని సూదులా?" అని తల్లి కళ్లు తుడుచుకుంటుంది. వేర్వేరు రోజుల్లో వేస్తే బిడ్డ అన్నిరోజులూ ఏడవాలి, పైగా ఆ మధ్య రోజుల్లో రక్షణ ఉండదు. అందుకే చుక్కలు ముందు వేసి, ఎక్కువ నొప్పి పెట్టే సూదిని ఆఖరికి ఉంచుతాను.

సూది వేసేటప్పుడు పాలివ్వమంటే అమ్మమ్మలు ఒప్పుకోరు. "పొలమారుతుందమ్మా" అంటారు. బిడ్డ రొమ్ము బాగా పట్టి గుటకలు వేయడం మొదలుపెట్టాక వేస్తే, ఒక్కసారి కెవ్వుమని మళ్లీ పాలలో పడిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో టీకా నొప్పి తగ్గించడానికి ఇచ్చిన సూచనల్లో ఇదీ ఉంది. బిడ్డను బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి అదిమిపట్టకుండా, ఒడిలోనే పట్టుకోమన్నారు. సూది గుచ్చాక పిస్టన్ వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూడనక్కర్లేదనీ చెప్పారు. అలా లాగితే సూది కండలో ఎక్కువసేపు ఉండి నొప్పి పెరుగుతుంది.

మాటలు వచ్చిన పిల్లలకు "నొప్పే ఉండదు" అని మాత్రం చెప్పొద్దు. చెప్పినది అబద్ధమని క్షణంలో తెలిసిపోతుంది, ఆ తర్వాత మనం చెప్పేది నమ్మరు. "చీమ కుట్టినట్టు ఉంటుంది నాన్నా, అమ్మ పట్టుకునే ఉంటుంది, ఏడుపొస్తే ఏడువు" అంటాను. ఊపిరి నిండా పీల్చుకుని ఉఫ్‌మని ఊదమంటాను. వాడు ఊదుతుండగానే నా పని అయిపోతుంది.

తర్వాత అరగంట అక్కడే కూర్చోవాలి. పెంటావలెంట్ వేశాక ఒకటి రెండు రోజులు జ్వరం రావచ్చు. బరువును బట్టి ఎంత పారాసిటమాల్ వేయాలో చెప్పి పంపుతాను. సూది పడ్డచోట రుద్దొద్దు, పసుపూ కాఫీపొడీ పెట్టొద్దు. బీసీజీ వేసిన చోట కొన్ని వారాలకు చిన్న పొక్కు లేచి చీము పడితే కంగారుపడక్కర్లేదు, దానంతటదే మానుతుంది.

తేదీ దాటిపోతే కొందరు తల్లులు నన్ను చూసి మొహం చాటేస్తారు, తిడతానని. ఆశా కార్యకర్త ఇంటికెళ్లి నచ్చజెబితే, ఎక్కడో పెట్టిన కార్డు వెతుక్కుని వస్తారు. మళ్లీ మొదటినుంచీ వేయాలేమో అని వాళ్ల బెంగ. అక్కర్లేదు. పెంటావలెంట్ మొదటి డోసు ఏడాది లోపు పడి ఉంటే, ఆగినచోటి నుంచే మిగతావి వేస్తాం. కనీసం 4 వారాల ఎడం ఉంటే చాలు. ఆలస్యమైందని ఆగిపోకుండా బిడ్డను తీసుకురండమ్మా, నేనేమీ అనను.