పోచారపు కట్టమీద ఆకాశపు గనులు

మెదకు పట్టణమునుండి ఎల్లారెడ్డికి పోవు బాటలో సుమారు పదునైదు కిలోమీటర్లు నడచినచో పోచారము వచ్చును. ఇది కామారెడ్డి జిల్లాలో నాగిరెడ్డిపేట మండలమునకు జేరినది. హైదరాబాదునుండి వచ్చువారు నర్సాపురపు అడవిని దాటి, మెదకులో పాస్నెట్టు దొరగారు కఱవునాళ్లలో కూలిజనులకు పని కల్పించి కట్టించిన రాతి దేవాలయమును జూచి ఇచ్చటికి రావచ్చును. ఆ దేవాలయము 1924 లో పూర్తియైనది. పోచారపు కట్టయు నా దినములదే. ఆలేరు వాగునకు అడ్డముగా 1916 లో మొదలుపెట్టి 1922 లో ముగించిరి. ఒకే పదియేండ్లలో ఈ చుట్టుప్రక్కల గ్రామములవారు దేవునికొకటి, నీటికొకటి, ఇన్ని రాళ్లను చెక్కి మోసిరని తలచినప్పుడు మాకు కట్టమీద కాలు మోపుటకే సంకోచము కలిగినది.

వానకాలమున చెరువు నిండి, అలుగు పొడవునను నీరు తెల్లని దుప్పటివలె జాఱుచుండును. ఆ చోద్యము చూచుటకే జనులు బండ్లు కట్టుకొని వత్తురు. 2025 ఆగస్టు చివర కామారెడ్డి, మెదకు సీమలలో కుండపోత కురిసినప్పుడు ఈ ముదుసలి కట్ట తనకు మించిన వరదను మోసినది. క్రింది గ్రామములవారు ఆ రాత్రి కన్ను మూయలేదట. కట్ట తెగలేదు. ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట మండలములలో సుమారు పదివేల యెకరములు ఈ నీటితోడనే పండును గనుక, ఆ మాట చెప్పునప్పుడు అచ్చటి ఆడువారు ఇప్పటికిని చేతులు జోడింతురు.

చెరువు వెనుకనున్న అడవి ఒకప్పుడు నిజాము ప్రభువుల వేటతావు. 1952 నుండి వన్యప్రాణుల రక్షితారణ్యము. దుప్పులు, కణుజులు, మనుబోతులు, కొండగొఱ్ఱెలు నున్నవి. దుప్పుల పెంపకపు తావును చూడగోరువారు ప్రొద్దు పొడుపుననే పోవలెను. ఎండ యెక్కినతరువాత పోయినచో తడికెయు ధూళియు దక్క మఱేమియు కానరాదు. శీతకాలమున తలపై రెండు నల్లపట్టెలు గల బాతులు హిమాలయములను దాటి వచ్చి ఈ నీట దిగును.

మేము పోయినది గత కార్తీకమాసమున. మా తమ్ముని సేద్యము పోచారపు కాలువ క్రిందనే. చెరువు చూచుట యొక పని. మా మఱదలు ఫోనులో మొఱపెట్టుకొన్న సంగతి చూచుట రెండవ పని. మా మేనకోడలు ఇంటరు రెండవయేడు చదువుచు, గనుల ఇంజనీరింగు చదువుదునని పట్టుపట్టినది. తండ్రి వలదన్నాడు. ఇంటిలో ఇరువురకు మాటలు లేవు. పండుగ సెలవులకు వచ్చిన పిల్ల, అన్న పట్టణమున వాడి యిచ్చిన కంప్యూటరు ముందఱ కూర్చుండి రాళ్లు పగులగొట్టుచున్నదట.

“రాళ్లు కొడుతున్ననంటది వదినె. ఆకాశంల రాళ్లట. నువ్వన్న అడుగు” అని మఱదలు మా చేతికి టీ యిచ్చుచు ననెను.

అడుగుటకు బదులు మేము పిల్ల ప్రక్కన కూర్చుండి, మాకును నేర్పుమంటిమి. అది ఒకమాఱు మావైపు అనుమానముగా చూచి, కుర్చీ జరిపినది.

ఈ యాటపేరు ఎలీట్ డేంజరస్. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో నున్న ఫ్రాంటియర్ డెవలప్‌మెంట్స్ అను సంస్థవారు 2014 డిశెంబరులో దీనిని వెలువరించిరి. దీనికి మూలమైన ఎలీట్ అను ఆట 1984 నాటిది. దానిని డేవిడ్ బ్రాబెన్, ఇయన్ బెల్ అను ఇరువురు విద్యార్థులు రచించిరి. మన పాలపుంతనంతటిని, సుమారు 40,000 కోట్ల నక్షత్రములతో, ఆటలో పేర్చియున్నారు. ఆడువారి కొక చిన్న ఓడయు, వేయి క్రెడిట్లు రొక్కమును ఇచ్చి ఆ సముద్రములో విడిచిపెట్టుదురు. వర్తకము చేయుదురో, దోచుకొందురో, గని త్రవ్వుదురో వారి యిష్టము. ఇట్టి స్వాతంత్ర్యము కొందఱకు బంధమై, రాత్రులు రాత్రులు మ్రింగివేయుననుటలో సందేహము లేదు. మా మఱదలి భయము వట్టిది కాదు.

ఇక త్రవ్వకపు పద్ధతి. శనిగ్రహమునకున్నట్టి వలయములు గల గ్రహమును మొదట వెదకవలెను. మంచువలయములు, రాతివలయములు, లోహపు వలయములు అని వానిలో తెగలున్నవి. ఏ వలయమున ఏది దొరకునో తెలియనివాడు ఎంత శ్రమపడినను వట్టిచేతులతో మరలును. వలయముపై పరిశోధక గుళికలను విసరినచో ఏ భాగమున ఏ ఖనిజము మిక్కుటమో తెలియును. అచ్చట దిగి, ఒక రాతిపైకి లింపెట్టు అను చిన్న యంత్రమును పంపవలెను. సముద్రపు రాళ్లను కఱచుకొనియుండు ఒకజాతి నత్తపేరు దానికి పెట్టిరి. అది రాతికి అంటుకొని, ఇందులో ఈ లోహము నూటికింత, ఆ లోహము నూటికింత యని లెక్క చెప్పును. ధాన్యము కొనువాడు బస్తాలో గుచ్చి పిడికెడు గింజలు తీసి చూచినట్లే. లెక్క బాగుగ నున్ననే లేజరు కిరణముతో రాతిని కోయవలెను. లేనిచో మఱియొక రాయి.

మా మొదటి రెండు రాళ్లును వట్టివే. మూడవదానిలో నూటికి ఇరువది పాళ్లు మంచి లోహముండెను. లేజరు తగులగానే ముక్కలు చెదరి చీకటిలో మెల్లగా తిరుగుచుండును. వానిని ఏఱి తెచ్చుటకు వేఱు లింపెట్టులు. తెచ్చిన ముక్కలు ఓడలోని శుద్ధియంత్రములో పడును. అందు చిన్న చిన్న గాదెలుండును. ఒక్కొక్క ముక్కలోని పాలునుబట్టి గాదె నిండుచు, నిండినప్పుడు ఒక టన్నగును. పనికిరాని ఖనిజము గాదెలో చేరినచో దానిని పాఱబోసి చోటు చేయవలెను. ఇది మాకు వెంటనే పట్టువడినది. చేట పట్టిన చేతికి ఏది యుంచవలెనో, ఏది చెరుగవలెనో వేఱుగ చెప్పనక్కఱలేదు. మేనకోడలు “అత్తమ్మా, నీకు తొందరగానే వచ్చింది” అన్నది. మఱదలు కూడ వచ్చి వెనుక నిలువబడినది.

ఈ యేఱుటను చూచుచుండగా మాకు కొల్లూరు తలపునకు వచ్చెను. కృష్ణయొడ్డున గోలకొండ ప్రభువుల కాలమున వజ్రములు త్రవ్విన తావది. పదునేడవ శతాబ్దిలో వచ్చిన టావెర్నియరు అను ఫ్రెంచి వర్తకుడు అచ్చట వేలకొలది జనులు పనిచేయుట జూచి వ్రాసెను. పురుషులు త్రవ్వుదురు, స్త్రీలును పిల్లలును మట్టి మోయుదురు. ఆ మట్టిని కడిగి, ఎండబెట్టి, చెఱిగి, చేతులతో తడవి రాయి యేఱుదురు. ప్రపంచపు కిరీటములలో మెఱసిన వజ్రములు అట్టి చేతులనుండి పోయినవే. ఆ మోసినవారిలో ఒక్క యింతి పేరైనను మనకు మిగులలేదు. అట్టి దేశమున, 1952 నాటి గనుల చట్టము స్త్రీలను భూగర్భపు గనులలో పనిచేయనీయలేదు. 2019 లో కేంద్రప్రభుత్వమువారు, ఉదయము 6 గంటలకును సాయంకాలము 7 గంటలకును నడుమ, సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణపు కొలువులలో స్త్రీలు క్రిందికి దిగుటకు అనుమతించిరి. ఈ సంగతి మా తమ్మునికి తెలియదు, పిల్లకు కంఠస్థము.

ఆటలోని గనులకును నిజమైన గ్రహశకలములకును చాల దూరమున్నదని పిల్లయే చెప్పినది. కుజునికిని గురునికిని నడుమ లక్షలకొలది శకలములు తిరుగుచున్నను, ఒకదానికొకటి లక్షలాది కిలోమీటర్ల యెడముననుండును. ఆటలో వలె గుంపుగా తగులవు. వానిలో మొదటిదైన సీరీసును 1801 జనవరి 1 వ తేదీన పియాజ్జీ కనుగొనెను. మదరాసు నక్షత్రశాలలో పోగ్సనుదొర 1861 లో ఒకదానిని కనుగొని దానికి ఏషియా యని పేరిడెను. మన తెలుగునేల మీదనే నెడగొల్లలో 1870 లో ఆకసమునుండి ఇనుము పడినది. అది యట్టి శకలపు తునకయే. మనుష్యులు అచ్చటికి యంత్రములను పంపి తెచ్చినదెంత? జపానువారి హయబుసా-2 ర్యూగూ అను శకలమునుండి 2020 లో 5.4 గ్రాములు తెచ్చెను. అమెరికావారి ఓసిరిస్-రెక్స్ బెన్నూనుండి 2023 లో 121.6 గ్రాములు తెచ్చెను. రెండును కలిపి మన బంగారపు తూకమున పదునొకండు తులములైనను నిండవు. అంత దూరపు ప్రయాణమునకు ఇంతేనా యని మఱదలు విస్తుపోయినది. తులము వెల విచారించి లాభము లేదని మేము చెప్పితిమి.

రాత్రి భోజనములైన పిదప పిల్ల మాకు పెద్దపని చూపినది. 2018 డిశెంబరులో ఈ యాటలో చేర్చిన విద్య యది. కొన్ని రాళ్ల గర్భమున మణులు దాగియుండును. ఓడనుండి ఒక తరంగము పంపినచో అట్టి రాళ్లు పసుపువన్నెతో వెలుగును. రాతిపై పగుళ్లు వెదకి, ఒక్కొక్క పగులులో మందుగుండు దింపవలెను. బలహీనపు పగులునకు ఎక్కువమందు, గట్టిదానికి తక్కువమందు అని కాదు. ఏ పగులునకు ఏ మోతాదో చూచి, అన్నిటి మొత్తము తెరమీద చూపిన నీలపు గీతల నడుమ నిలువవలెను. తక్కువైనచో రాయి విచ్చుకొనదు. ఎక్కువైనచో మణులు తునాతునకలగును. అమర్చినతరువాత ఓడను దూరముగా తీయవలెను.

అప్పటికి తమ్ముడు గడపలో నిలిచియున్నాడు. ఎంతసేపటినుండియో మే మెఱుగము.

“మందు ఎక్కువైతే?” అని యడిగెను. కూతును కాదు, మమ్ము.

పిల్లయే, తెరనుండి కన్ను తీయక, “రాయి పోతది నాయినా. దగ్గరుంటే ఓడ కూడ పోతది” అన్నది.

తమ్ముని చిన్ననాటి స్నేహితుడొకడు ఒక గనిలో పనికి పోయి, పేలుడులో కాలు పోగొట్టుకొని తిరిగివచ్చినాడు. అతడు ఈ యూరిలోనే యుండి, చెరువుగట్టున చేపలు తూచుచు బ్రదుకుచున్నాడు. తమ్ముడు ప్రతిదినము అతనిని చూచును. ఆ మాట యింటిలో నెవ్వరును ఎత్తరు. ఆ రాత్రి తమ్ముడే ఎత్తెను: “వానికి ఎవ్వలు లెక్క చెప్పలే. దిగుమంటే దిగిండు.”

పిల్ల అప్పుడు తిరిగి చూచినది. “అందుకే నాయినా. నేను లెక్క చెప్పేటోళ్ల చదువు చదువుతనంటున్న” అన్నది.

ఎవరును మాటాడలేదు. తెరమీద అంకెలు తఱుగుచుండెను. రాయి శబ్దము లేకుండ విచ్చుకొనెను. లోపల పాలవన్నె ముక్కలు నలువైపుల తేలినవి. మఱదలు “అమ్మా!” యని నోటిపై చేయి పెట్టుకొన్నది. వానిని ఏఱుచుండగా దొంగ యోడ యొకటి వచ్చి మా సరకును తడవి చూచినది. అప్పటికి మా ఓడలో పదునాలుగు టన్నులున్నవి. ఓడ కూలినచో సరకంతయు పోవును, ఆ దినపు శ్రమయంతయు పోవును. పిల్ల మిగిలిన ముక్కల కాశపడలేదు. మూత మూసి, వలయమునుండి పైకి లేచి పోయినది. వదలి వచ్చిన ముక్కలెన్నియని తమ్ముడడుగగా, “ఐదారుంటయి” అన్నది. తమ్ముడు తల యూపెను. అట్టి తల యూపు మేము వాని చిన్ననాటినుండి యెఱుగుదుము, మాట తక్కువవాడు.

సరకు అమ్ముట మఱియొక విద్య. ఒకే రేవునకు అందఱును తెచ్చి పోసినచో ధర పడిపోవును. మన మిరప, పసుపు రైతులకు ఇది క్రొత్త పాఠము కాదు. పిల్ల నాలుగు రేవుల ధరలు చూచి, దూరపుదైనను ఐదవదానికి పోయినది.

మఱునాడు తెల్లవాఱుజామున కాలువ తూము చూచుటకు పోవుచున్న తమ్మునితో మేమును కట్టవఱకు నడచితిమి. నీటిమీద పొగమంచు. బాతులు కూయుచుండెను. కొత్తగూడెములో 1978 నుండి గనుల కళాశాల కలదనియు, దానినే 2025 లో భూవిజ్ఞాన విశ్వవిద్యాలయముగా పెంచిరనియు చెప్పితిమి. విని, చాలదూరము నడచినతరువాత, “ఎంత దూరముంటదక్కా?” అనెను.

హైదరాబాదుమీదుగా సుమారు నాలుగువందల కిలోమీటర్లంటిమి.

“కోతలైనంక ఒకసారి పోయి చూసొస్త” అని, తూము తలుపు చక్రము త్రిప్పుటకు వంగెను. ఇంటికి వచ్చి మేమీ మాట చెప్పగా మఱదలు, పొయ్యిమీది పాలు దింపుచు, “ముందు పరీక్ష రాయనీ వదినె. దాని ఆటల పెట్టె నేను బీరువల పెడుత” అన్నది.