జేబులో కిన్నెర కథ

చేతిలో అంత పెద్ద ఫోనుండగా ఇంకా ఆ ఎంపీ3 పాటల డబ్బా ఎందుకని ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. అడిగేవాళ్లంతా వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్ దాకా బస్సులో ఫోన్లో పాటలు వింటూ పోయినవాళ్లే. సిగ్నల్ ఉంటే పాటకూ పాటకూ మధ్య ప్రకటన, లేకుంటే తెర మీద గిరగిరా తిరిగే చక్రం. చైత్ర పౌర్ణమికి సలేశ్వరం పోయేవాళ్ల సంగతి ఇక చెప్పక్కర్లేదు. మన్ననూరు దాటి నల్లమల లోపలికి పోయేకొద్దీ ఆ చక్రం కూడా ఆగిపోతుంది. నా డబ్బా మాత్రం పలుకుతూనే ఉంటుంది. దానికి సిమ్ము లేదు, నెలనెలా రీచార్జి లేదు.

కొన్న కొత్తలో దాని బుద్ధి వేరుగా ఉండేది. గంటన్నర కథ వింటూ మధ్యలో ఆపితే, మళ్లీ నొక్కినప్పుడు మొదటికి వచ్చేది. మూడు నిమిషాల సినిమా పాట తప్ప లోకంలో ఇంకేమీ లేదనుకునేవాళ్లు చేసిన సాఫ్ట్‌వేర్ అది. షాపాయన కొత్తది కొనమన్నాడు. నేను కొనలేదు, రాక్‌బాక్స్ ఎక్కించాను.

2001లో స్వీడన్‌లో కొందరు ప్రోగ్రామర్లు, ఆర్కోస్ కంపెనీ ప్లేయర్లో ఉన్న సాఫ్ట్‌వేర్ నచ్చక తమదే ఒకటి రాయడం మొదలుపెట్టారు, అదే రాక్‌బాక్స్. ఆ తర్వాత దేశదేశాలవాళ్లు జీతం లేకుండా దానికి చేయి వేశారు. పాత ఐపాడ్లు, శాన్‌డిస్క్ క్లిప్ ప్లస్ లాంటి చాలావాటికి అది ఎక్కుతుంది. పైసా అడగరు, కోడ్ కూడా దాచరు. కంప్యూటరుకు కేబుల్ తగిలించి వాళ్లిచ్చే యుటిలిటీ నడిపితే కాసేపట్లో పని అయిపోతుంది. కాకపోతే మీ మోడల్ వాళ్ల జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోండి.

దాంతో నా డబ్బాకు జ్ఞాపకశక్తి వచ్చింది. ఎక్కడ ఆపితే అక్కడ గుర్తు పెట్టుకుంటుంది, నాలుగు కథలు నాలుగు చోట్ల వదిలినా సరే. శ్రుతి మారకుండా వేగం తగ్గిస్తుంది, పాతకాలపు మాట ఏదైనా చెవికి చిక్కకపోతే మెల్లగా నడిపించి పట్టుకోవచ్చు. ఒకచోట గొణిగి ఇంకోచోట అరిచిన రికార్డింగును సమం చేస్తుంది, బస్సు మోతలో ఇది ఎంత మేలో విన్నవాళ్లకే తెలుస్తుంది. చూపు లేనివాళ్ల కోసం మెనూలను పైకి చదివి వినిపించే ఏర్పాటు కూడా అందులో ఉంది. లక్షలు పోసే ఫోన్లవాళ్లు చాలామంది ఆ సంగతి తలచకముందే, ఊరికే పనిచేసినవాళ్లు తలచారు. నాకు ఆ ఒక్క పనితోనే వాళ్ల మీద గౌరవం పెరిగింది.

చోటు లేదని కూడా చాలామంది బాధపడతారు. మాట, కథ, ఒంటి గొంతు పాట అయితే 64 కేబీపీఎస్ మోనోలో పెట్టుకుంటే చాలు. గంటకు 29 ఎంబీ మించదు. 2 జీబీ కార్డులో దాదాపు 70 గంటల కథ పడుతుంది. క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించడానికి ఆడాసిటీ ఉంది, అదీ ఉచితమే. అందులో రొద తీసేసే మీట ఒకటి ఉంటుంది. దాన్ని దయచేసి గట్టిగా నొక్కకండి. దీని గురించి నేను ఎంతసేపైనా వాదిస్తాను. మొబైల్ షాపుల్లో కార్డు నింపి ఇచ్చేవాళ్లు రొద తీసి, బాస్ పెంచి, పాటను పాలిష్ కొట్టిన బియ్యంలా చేసి ఇస్తారు. కథకుడు గుక్క తిప్పుకునే చోట పక్కన కూర్చున్నాయన "ఊ" అంటాడే, ఆ ఊ రొదలో కలిసిపోయి ముందుగా అదే పోతుంది. ఊ కొట్టేవాడు లేకపోతే కథ ఎవరికి చెప్తున్నట్టు?

మా మేనమామ పట్టిన క్యాసెట్లో ఆ ఊలు నిండుగా ఉన్నాయి. కిన్నెర మీద పండుగ సాయన్న కథ. ఉన్నోళ్ల దగ్గర దోచి లేనోళ్లకు పంచిన పాలమూరు సాయన్న. వాకిట్లో టేపురికార్డర్ పెట్టి పట్టాడు కాబట్టి ఎడ్ల మెడగంట వినిపిస్తుంది, ఎవరో "చాయ్ పెట్టిన్రా" అనడం వినిపిస్తుంది, పక్క తిప్పేటప్పుడు టక్కుమన్న చప్పుడు, ఆ టక్కు మింగేసిన ఒకటి రెండు చరణాలు. వెదురుకు కట్టిన ఎండు సొరబుర్రల్లోంచి వచ్చే నాదానికి బాస్ పెంచే అవసరం లేదు, ఇయర్‌ఫోన్లో కూడా గుండెకు తగులుతుంది. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన కిన్నెర కళాకారుడు దర్శనం మొగిలయ్య గొంతు 2021లో భీమ్లా నాయక్ సినిమా పాటతో ఊరూరా మోగింది, మరుసటి ఏడు పద్మశ్రీ వచ్చింది. పన్నెండు మెట్ల కిన్నెర పేరు అప్పుడు చాలామంది నోట పలికింది. కానీ సినిమాలో విన్నది కాసేపే. ఆ వాయిద్యం కథ కోసం పుట్టింది, కథ రాత్రి నడవాలి.

మామ పట్టిన కథ ఒక్క క్యాసెట్‌తో అయిపోదు. సాయన్న కోసం పోలీసులు బయల్దేరే చోట మొదటిది ఆగుతుంది. రెండోదాన్ని తెల్కపల్లి వైపు చుట్టాల పెళ్లిలో ఎవరో విని ఇస్తామని తీసుకుపోయారు. మామ పోయేదాకా అడుగుతూనే ఉన్నాడు. అడిగినప్పుడల్లా, వాళ్ల అన్న దగ్గరుందని ఒకరు, గద్వాలకు పోయిందని ఇంకొకరు. తొంభై నిమిషాల క్యాసెట్, ఎర్ర అట్ట, నీలి సిరాతో మామ చేతి రాత, మూలన 2 అని అంకె. ఎవరింట్లో అటక మీద ఉన్నా నాకు తిరిగి ఇవ్వొద్దు. ఒక్క పూట కాపీ చేసుకోనివ్వండి, మీకూ ఒక కార్డు నింపి ఇస్తాను.