పోచంపాడ్ కింద ఎండాకాలపు మేత

మక్క కోసిన చేను గట్టు మీద గొర్రెల మందను ఆపేశాడు ఒక పెద్ద కురుమ. మనవడు కర్ర అడ్డం పెట్టి నిలబడ్డాడు. తాత మాత్రం సాళ్లలోకి దిగి, హార్వెస్టర్ వదిలేసిన కంకులను ఏరి గోనెసంచిలో వేయసాగాడు. పక్క ఊళ్లో గోపాలమిత్రగా పనిచేసే మిత్రుడు నన్ను పోచంపాడ్ వెనకనీళ్ల దగ్గర మేసే మందలు చూపిస్తానని తీసుకొచ్చాడు. నేను ఈ చేను దాటి పోలేకపోయాను.

"సొప్ప తింటె బతుకుతది సారూ. గింజలు కడుపునిండ దొరికితె పొద్దుగాల్లకు ఉబ్బి సస్తది."

గింజ ఎక్కువైతే పొట్టలో పులిసి ఆమ్లం పెరుగుతుందని పశువైద్యులు చెబుతారు. ఆ చదువంతా ఆయన వేళ్లలో ఉంది. మట్టిలో సగం కూరుకుపోయిన కంకిని కూడా చూడకుండానే, కాలితో తడిమి పట్టేస్తున్నాడు.

సాయంత్రం మంద దగ్గర మేత కలిపాడు. నరికిన మక్క సొప్ప మీద సోయా పొట్టు చల్లి, ఉప్పునీళ్లు చిలకరించి, అడుగుది పైకి వచ్చేలా రెండు చేతులా తిరగేశాడు. సూడి గొర్రెలకూ, ఈనినవాటికీ పొట్టు ఎక్కువ. ఉత్త వరిగడ్డిలో మాంసకృత్తులు 3-4 శాతానికి మించవు. గొర్రె పొట్టలోని సూక్ష్మజీవులు గడ్డిని అరిగించాలంటే కనీసం 7 శాతమైనా కావాలి. ఆ లోటును సోయా, కంది, శనగ పొట్లు కొంతవరకు పూడుస్తాయి. ఎర్రజొన్న కోసిన చేలలోకి ఆయన మందను ఊరికే వదలడు. మోడుకు తడి తగిలి లేత పిలకలు వేస్తే వాటిలో నాము అనే విషం ఉంటుంది, నిమిషాల్లో గొర్రె పడిపోతుంది. ఆర్మూరు ప్రాంతం పండించే ఆ జొన్న ఉత్తరాది రాష్ట్రాలకు పశుగ్రాసపు విత్తనంగా పోతుంది. అక్కడి గేదెల మేతకు ఇక్కడి రైతు విత్తనం పంపుతుంటే, ఇక్కడి గొర్రె ఎండాకాలంలో ఏం తినాలో ఎవరూ ఆలోచించడం లేదు.

1963 జులై 26న నెహ్రూ పోచంపాడ్ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. కాలువలొచ్చాక బీళ్లు పొలాలయ్యాయి. అన్నం పండింది, మంచిదే. కానీ మేసే నేల తగ్గింది కాబట్టి మందలకు పంట మిగులే ఆధారమైంది. బోధన్ దిక్కు చెరుకు కొట్టే రోజుల్లో గడల కొసన ఉండే మొవ్వకు కొదవ లేకుండెనని ఆయన పదేపదే అన్నాడు. అక్కడి నిజాం షుగర్స్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. కార్మికుల బాధ పత్రికల్లో వచ్చింది, రావాల్సిందే. ఆ మొవ్వ మేసి ఎండాకాలం గట్టెక్కిన మందల సంగతి మాత్రం నేనెక్కడా చదవలేదు.

నాకు కోపం తెప్పించింది మంట. యాసంగి వరి కోతలయ్యాక కొయ్యకాళ్లకు నిప్పు పెడుతున్నారు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా నీళ్లలో కలిపి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచితే అదే గడ్డి మెరుగైన మేత అవుతుంది. పశువైద్య కళాశాలల్లో ఏళ్లుగా బోధిస్తున్న పాఠమిది. 2017 జూన్ 20న మొదలైన గొర్రెల పంపిణీ పథకంలో గొల్లకురుమలకు 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున ఇచ్చారు. ఊరి మిగులంతా మంటపాలవుతుంటే ఆ గొర్రెలు దేంతో బతకాలి?

మునుపు రైతే వచ్చి తన చేలో మంద పెట్టమని అడిగేవాడు, గింజలో డబ్బో ఇచ్చేవాడు. రాత్రంతా పడుకున్న మంద పెంట, మూత్రం నేరుగా దుక్కిలోకే పోతాయి. ఇప్పుడు కోత అయిన మర్నాడే రోటవేటర్ దిగుతోంది. మేం వెళ్లిన చేను పటేలు కూడా ట్రాక్టర్ మాట్లాడుకున్నాడు. "ఒక్క నాలుగు దినాలు ఆగు పటేలా, పైసలొద్దు, ఉత్తగనే మంద పెడత," అని కురుమ అడిగాడు. పటేలు ఫోన్ తీసి ట్రాక్టరతనితో మాట్లాడి, రెండు రోజులకు ఒప్పుకున్నాడు.