చెరువునకు విత్తనము

చెరువు నిండినదన్న వార్త విని సంతోషించువారు ఇద్దరు: ఒకడు రైతు, రెండవవాడు మత్స్యకారుడు. రైతు తనకు కావలసిన విత్తనమును గాదెలో దాచుకొనియుండును. మత్స్యకారునకు అట్టి గాదె లేదు. నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల సీమలలోని చిన్న చెరువులు పెక్కు వేసవిలో ఎండి నెఱ్ఱెలు విచ్చును. మరల నీరు వచ్చినపుడు వానిలో చేపపిల్లలను విడువవలసినదే. నాగర్‌కర్నూలు చెంతనున్న కేసరిసముద్రము వంటి పెద్ద చెరువులోను, కృష్ణానదిపై కట్టిన జూరాల జలాశయములోను గూడ పిల్లలను విడుచుట వాడుక.

ఈ పిల్లలు ఎక్కడనుండి వచ్చును? బొచ్చె, రవ్వ, మృగాల అను చేపలు నిలువనీటిలో చక్కగా పెరుగును గాని, అందు గుడ్లు పెట్టవు. వానకాలమున నది పొంగి, క్రొత్తనీరు వడిగా పారునపుడే వానికి ఆ ప్రేరణ కలుగును. అందుచే పూర్వము వరదనీటిలో వలలు పన్ని పట్టిన పిల్లలే దేశమునకు ఆధారము. అవి కలకత్తానుండి రైళ్లలో దూరప్రాంతములకు పోయెడివి. వానిలో సాటి పిల్లలను మ్రింగెడి చేపల పిల్లలును కలిసియుండెడివి.

1957 జూలై 10వ తేదీన ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలికుంహి అను శాస్త్రజ్ఞులు ఈ చిక్కును విప్పిరి. చేప మెదడు క్రింద పీయూషగ్రంథి అను చిన్న గ్రంథి యుండును. దాని సారమును తల్లిచేపకు సూదితో నెక్కించి, వారు కోరినచోట గుడ్లు పెట్టించిరి. ఆ దినమును స్మరించుచు మన దేశమున ఏటేట జూలై 10న జాతీయ మత్స్యరైతుల దినోత్సవము జరుపుచున్నారు. నేడు గ్రంథిసారమునకు బదులు సిద్ధముగా దొరకు హార్మోను మందులు వచ్చినవి. మందు మారినను, దానిని వేయు చేతికి ఉండవలసిన నేర్పు మారలేదు.

ఆ చేయి హాచరీలోని టెక్నీషియనుది. వానకాలము రాగానే అతని పని మొదలగును. ముందుగా తల్లిచేపలను ఏరవలెను. ఆడచేప కడుపు ఉబ్బి మెత్తగా నుండవలెను. మగచేప ప్రక్కరెక్క వ్రేలికి గరుకుగా తగులవలెను. ఈ పరీక్షకు యంత్రము లేదు. వనపర్తి జిల్లా పెబ్బేరులోని మత్స్య కళాశాలలో శాస్త్రము నేర్చిన విద్యార్థికైనను ఈ స్పర్శ చేపను పట్టి చూచుటవలననే అలవడును.

సాయంకాలము చేపను తూచి, దాని బరువునకు తగినంత మందు ఎక్కించి, గుండ్రని సిమెంటు తొట్టిలో విడుచును. తొట్టి అంచున నమర్చిన గొట్టముల నీరు ఏటవాలుగా చిమ్ముచుండుటచే లోపలి నీరు సుడి తిరుగును. చేపలు దానినే నదీప్రవాహముగా నెంచి, రాత్రి గడచులోపల గుడ్లు పెట్టును. కిలో బరువుగల తల్లి లక్షకు పైగా గుడ్లు పెట్టగలదు. నీరు త్రాగి ఉబ్బిన మంచి గుడ్లు ఉడికిన సగ్గుబియ్యము వలె మెరయును. చెడినవి తెల్లగా పాలిపోవును.

ఇక నిద్ర లేదు. గుడ్లు పొదుగు తొట్టిలో అడుగునుండి నీరు పైకి ఎగజిమ్ముచు, గుడ్లను క్రిందికి దిగనీయక త్రిప్పుచుండవలెను. వడి హెచ్చినచో గుడ్లు పగులును. తగ్గినచో అడుగున కుప్పపడి ఊపిరాడక చచ్చును. నడిరేయి కరెంటు పోయి పంపు ఆగినచో, పైతొట్టిలోని నీరు ఎంతసేపు వచ్చునో అతడు ఎరిగియుండవలెను. జెనరేటరు కదలునంతవరకు లక్షల ప్రాణములు అతని మెలకువపైననే నిలుచును. పదునాలుగు మొదలు పదునెనిమిది గంటలలో గుడ్లు చిట్లి, సన్నని పిల్లలు వెలువడును. మూడు దినములు వానికి కడుపు క్రింది సొనయే ఆహారము. తరువాత నోరు తెరచుకొనును.

ఆలోపల నారుమడి వంటి చిన్న కుంటను సిద్ధపరచవలెను. నల్లమల అడవిలో విరివిగా పెరుగు ఇప్పచెట్టు ఇచట అక్కరకు వచ్చును. ఇప్పగింజల చెక్కను మూడు వారములు ముందుగా కుంటలో చల్లినచో పిల్లలను తినెడి చేపలు చచ్చును. దాని విషము క్రమముగా విరిగి, చెక్క ఎరువుగా మారును. ఇంత చేసినను, విడిచిన పిల్లలలో సగము దక్కిన మేలే.

అన్నిటికంటె కఠినమైనది లెక్క. మూడు దినముల పిల్లలను ఒక్కొక్కటిగా లెక్కించుట ఎవరి తరము? మిల్లీలీటరునకు ఇంచుమించు 500 పిల్లలుండునని ఎంచి, సన్నని జల్లెడ గిన్నెతో కొలుతురు. 50 మిల్లీలీటర్ల గిన్నె నిండినచో 25,000. గిన్నెలో నీరు మిగిలినను, చేయి కొంచెము వాలినను వేలకొలది పిల్లలు తగ్గిపోవును. కొనువానికి అది కనబడదు. ఎనిమిది నెలల తరువాత, చెరువు ఇంకి వల దిగినపుడు గాని సహకార సంఘమునకు ఆ లోటు తెలియదు. అప్పుడు కారణము వేడి యని, రోగమని, కొంగలని అందురు. గిన్నె మాట ఎవరికిని తోచదు. ఆ ఏడు పిల్లల బడి జీతము, ఇంటి అప్పు ఆ వలపైననే ఆధారపడియుండును. కనుక ఎవరును తిరిగి సరిచూడలేని ఆ లెక్కను సరిగా చెప్పువాడే మంచి టెక్నీషియను.

చెరువునకు పంపవలసిన పిల్లలను అతడు ఒక దినము పస్తుంచును. కడుపు ఖాళీగా నున్నచో దారిలో నీరు చెడదు. పాలిథిను సంచిలో మూడవ వంతు నీరు, మిగిలినదంతయు ప్రాణవాయువు నింపి మూతి బిగించును. సంచిని అందుకొన్నవానితో అతడు చెప్పు చివరి మాట ఒక్కటే: చెరువు చేరగానే విప్పవద్దు, సంచిని కాసేపు నీటిపై తేలనిమ్ము, లోపలి నీటి వేడి, వెలుపలి నీటి వేడి సమానమైన పిమ్మట మూతి విప్పుము. ఆ మాట విన్న మత్స్యకారుడు గట్టున కూర్చుండి వేచియుండును. పిమ్మట సంచి మూతి విప్పగా, పిల్లలు తమంతట తామే చెరువులోనికి ఈదుకొనిపోవును.