కనుమ నాడు కదిలిన కారు

మొన్న జనవరిలో సంక్రాంతికి విజయవాడ వెళ్లాను. ఫోన్ ఛార్జర్ కోసం టీవీ కింద సొరుగు వెతుకుతుంటే పంచాంగంలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి కనిపించింది. విప్పి చూస్తే మా కారు ఎస్టిమేట్. ‘గేర్‌బాక్స్ అసెంబ్లీ మార్చాలి - రూ. 1,82,000’. తేదీ డిసెంబరుది. అంటే నెల రోజులుగా నాన్న నాకు చెప్పలేదు.

‘‘ఏంటి నాన్నా ఇది?’’ అనడిగితే పేపర్లోంచి తల ఎత్తకుండా, ‘‘ఆ బండి వెలే అంత ఉండదు. బ్రోకర్‌తో మాట్లాడాను. అరవై వేలకి అడిగాడు. ముక్కనుమ నాడు వచ్చి తీసుకెళ్తానన్నాడు’’ అన్నారు.

వేరే వాళ్ల ఇంట్లో అయితే ఇది పాత కారు అమ్మేసే సంగతి, అంతే. మా ఇంట్లో కాదు. నాన్నకి చిన్నప్పుడే పోలియో వచ్చింది. ఎడమ కాలు సన్నగా ఉండిపోయింది. ఆటోనగర్లో లారీ బాడీలు కట్టే షెడ్డులో ముప్పై ఏళ్లు లెక్కలు రాశారు. అన్నేళ్లూ పక్క చక్రాల స్కూటర్ మీదే వెళ్లొచ్చారు. వాన పడితే తడవడమే. అమ్మని ఎక్కించుకోవాలంటే ఇద్దరికీ భయమే. 2019లో నా జీతం డబ్బులతో సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ హ్యాచ్‌బ్యాక్ కొన్నాను. క్లచ్ లేదు కాబట్టి ఎడమ కాలితో పనే లేదు. మొదటిసారి అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని మంగళగిరి వెళ్లొచ్చిన రోజు ఆయన రాత్రి పదకొండు దాకా పడుకోలేదు.

ఇప్పుడు ఆ కారే వెళ్లిపోతోంది. స్కూటర్ షెడ్డులోంచి బయటికొచ్చి, తుడిచి, కొత్త టైర్లతో వరండాలో నిలబడి ఉంది. అది చూశాక నాకు పండగ మూడ్ పోయింది.

బుడమేరు నీళ్లు

కారుకి జబ్బు ఎక్కడ పట్టిందో మా అందరికీ తెలుసు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపంతా మునిగిపోయింది కదా, మా వీధి కాస్త మెరకలో ఉండబట్టి కారు తలుపుల కింది అంచు దాకా వచ్చి ఆగాయి నీళ్లు. అదృష్టం కొద్దీ ఎవరూ స్టార్ట్ చేయలేదు. తర్వాత తెలిసిన మెకానిక్ కడిగి, ఇంజిన్ ఆయిల్ మార్చి ఇచ్చాడు. బాగానే నడిచింది. డిసెంబరులో ఒక రోజు ఉన్నట్టుండి డాష్‌బోర్డు మీద ఇంజిన్ లైటు వెలిగి, బండి ముందుకి కదలడానికే మొరాయించింది. నాన్న మాటల్లో చెప్పాలంటే ‘‘వెనక పది బియ్యం బస్తాలు కట్టి లాగుతున్నట్టు’’ ఉందట.

నేను చదివింది మెకానికల్ ఇంజినీరింగ్. చేసేది గచ్చిబౌలిలో జావా కోడింగ్. నాలాంటోళ్లు ప్రతి టీమ్‌లో ముగ్గురుంటారు. థియరీ ఆఫ్ మెషీన్స్‌లో ప్లానెటరీ గేర్ల లెక్కలు టేబుల్ వేసి చేసి మార్కులు తెచ్చుకున్నానే గానీ, నిజం గేర్‌బాక్స్ మీద చెయ్యి వేసింది లేదు. కానీ ఒకటి మాత్రం ఉద్యోగం నేర్పింది. ఎర్రర్ ఏంటో చదవకుండా సిస్టమ్ మొత్తం మార్చేయకూడదు.

నాన్నతో ‘‘ముక్కనుమ దాకా టైమివ్వండి’’ అన్నాను. ‘‘పండగ పూట నీకెందుకురా ఈ మురికి?’’ అన్నారు. వద్దని మాత్రం అనలేదు.

గేర్లు ఎవరు మారుస్తారు?

ఆటోమేటిక్ అంటే లోపల ఏదో మాయ ఉందనుకుంటాం. నాలుగు ముక్కల్లో చెప్తాను. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి ఆన్ చేస్తే, ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది. గాలి బదులు ఆయిల్ ఉంటే అదే టార్క్ కన్వర్టర్. మనం క్లచ్ తొక్కే పని అదే చూసుకుంటుంది. దాని వెనక ప్లానెటరీ గేర్లు ఉంటాయి. వాటిలో దేన్ని పట్టుకోవాలి, దేన్ని వదలాలి అన్నది లోపలి చిన్న చిన్న క్లచ్‌లు చేస్తాయి. ఆ క్లచ్‌లని నొక్కేది ఆయిల్ ప్రెషర్. ఆ ఆయిల్ ఎటు పోవాలో తేల్చేవి సోలనాయిడ్లు. కరెంటు వస్తే తెరుచుకుని, పోతే మూసుకునే బుల్లి కుళాయిలనుకోండి. ఏ కుళాయికి ఎప్పుడు కరెంటివ్వాలో ఒక కంప్యూటర్ చెప్తుంది.

ఆ కంప్యూటర్‌కి ఏదైనా తేడా కనిపిస్తే అన్ని సోలనాయిడ్లకీ కరెంటు ఆపేస్తుంది. అప్పుడు బండి ఒకే గేరులో ఉండిపోతుంది. మా మోడల్లో అది మూడో గేరు. గేర్‌బాక్స్ పాడైపోకుండా, మెల్లగా ఇంటికైనా చేరేలా చేసిన ఏర్పాటు అది. మన భాషలో సేఫ్ మోడ్. నాన్న చెప్పిన పది బియ్యం బస్తాలు ఇవే. బండి మూడో గేరులో బయల్దేరుతోంది!

ఆదివారం మొదట ఆయిల్ చూశాను. ఇంజిన్ వేడెక్కాక, సమంగా ఉన్న చోట, బ్రేకు తొక్కి పట్టి గేర్లన్నీ ఒకసారి తిప్పి, మళ్లీ పార్కింగ్‌లో పెట్టి, ఇంజిన్ ఆన్‌లో ఉండగానే పుల్ల తీసి చూడాలి. నా గుండె నిజంగానే దడదడలాడింది. వరద నీళ్లు లోపలికి వెళ్లుంటే ఆయిల్ స్ట్రాబెర్రీ మిల్క్‌షేక్‌లా పాలిపోయి కనిపిస్తుంది. అలా ఉంటే ఇక ఇంట్లో చేయగలిగింది పెద్దగా లేదు. లోపలి క్లచ్ ప్లేట్ల మీద పొర నీళ్లకి ఊడిపోతుంది. పుల్ల తెల్ల గుడ్డ మీద తుడిచాను. ముదురు గోధుమ రంగు. పాతబడిందే గానీ పాలిపోలేదు. మాడు వాసనా లేదు.

తర్వాత ఓబీడీ స్కానర్. అగ్గిపెట్టెంత ఉంటుంది. స్టీరింగ్ కింద సాకెట్‌లో గుచ్చి, ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిపాను. కోడ్ వచ్చింది: పి-0753. షిఫ్ట్ సోలనాయిడ్ ‘ఎ’, ఎలక్ట్రికల్. ఆ చివరి మాటే ముఖ్యం. గేర్లు అరిగాయని కాదు, కరెంటు దారిలో ఏదో తేడా ఉందని.

ఇక్కడ నేనో తెలివితక్కువ పని చేశాను. యాప్‌లో ‘క్లియర్’ నొక్కాను. లైటు ఆరిపోయింది. బండి హాయిగా కదిలింది. గేర్లు మారుతున్నాయి! నాన్నని ఎక్కించుకుని బయల్దేరాను. బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడి, మళ్లీ గ్రీన్ వచ్చేసరికి లైటు వెలిగింది. పది బస్తాలు మళ్లీ వచ్చాయి. వెనక హారన్లే హారన్లు. సర్వర్ రీస్టార్ట్ చేసి బగ్ పోయిందనుకునే ఫ్రెషర్లని నేను ఎన్నిసార్లు తిట్టానో. ఇప్పుడు అదే పని నేను చేశాను.

ఇంటికి వచ్చేదాకా నాన్న ఒక్క మాటా మాట్లాడలేదు. గేటు దగ్గర మాత్రం ‘‘అమ్మేద్దాంలేరా. రోడ్డు మధ్యలో ఆగితే దిగి తోసే కాలు కూడా లేదు నాకు’’ అన్నారు. నవ్వుతూనే అన్నారు.

నాన్న చిట్టా పుస్తకం

భోగి రోజంతా సర్వీస్ మాన్యువల్, వైరింగ్ బొమ్మలు చదివాను. సంక్రాంతి నాడు స్పానర్ పట్టుకుంటే అమ్మ ఊరుకోలేదు. కనుమ పొద్దున్నే మొదలుపెట్టాను. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. మా కారు ఎలాగూ కదలడం లేదు.

బ్యాటరీ, దాని కింది ట్రే, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీస్తే గేర్‌బాక్స్ ప్లగ్గు పైనుంచే చేతికందుతుంది. నాన్న ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పక్కనే కూర్చున్నారు. ఒడిలో పాత చిట్టా పుస్తకం. ‘‘నువ్వు అంకెలు చెప్పు, నేను రాస్తా. నీకు గుర్తుండవు’’ అన్నారు. తేదీ వేసి, గీతలు కొట్టి మరీ సిద్ధమయ్యారు.

ప్లగ్గు ఊడదీసి, మల్టీమీటర్ ఒక ముల్లు గేర్‌బాక్స్ బాడీకి, ఇంకోటి పిన్నుకి పెట్టాను. సోలనాయిడ్ ‘ఎ’: 13 ఓమ్‌లు. ‘బి’: 13. మాన్యువల్లో 11 నుంచి 15 మధ్య ఉండాలని ఉంది. అంటే సోలనాయిడ్లు రెండూ బాగున్నాయి! తప్పు చేశానేమోనని మూడుసార్లు చూశాను. అదే అంకె.

తలపట్టుకుని కూర్చుంటే నాన్న పుస్తకంలోంచి తలెత్తి, ‘‘అటు కంప్యూటర్ బాగుందా?’’ అన్నారు. అది లోపల గ్లోవ్ బాక్స్ వెనక ఉంది, నీళ్లు అంత పైకి రాలేదు, నాలుగు గేర్లూ ఒకసారి మారాయి కూడా అన్నాను.

‘‘ఇచ్చినవాడి లెక్క సరిగ్గానే ఉంది. పుచ్చుకునేవాడి లెక్కా సరిగ్గానే ఉంది. మరి డబ్బు పోయిందంటే మధ్యలో మోసుకెళ్లేవాడి దగ్గరే కదరా పోయేది?’’

ఐదేళ్ల ఎక్స్‌పీరియన్స్ ఉన్న నాకు, చిట్టా రాసే ఆయన డీబగ్గింగ్ చెప్పారు. కంప్యూటర్ వైపు ప్లగ్గు కూడా ఊడదీసి, తీగకి ఈ చివర ఒక ముల్లు, ఆ చివర ఒక ముల్లు పెట్టి బీప్ టెస్ట్ చేశాను. ‘బి’ తీగ బీప్ అంది. ‘ఎ’ తీగ మౌనం. నాన్న కింది చివర పట్టుకుని కదిపారు. బీప్. వదిలేస్తే మళ్లీ మౌనం. అదన్నమాట సంగతి! సిగ్నల్ దగ్గర కుదుపుకి తెగడం, మళ్లీ అంటుకోవడం.

ప్లగ్గు లోపల పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టి ఉంది. వెనకున్న తీగ తొడుగు చీలిస్తే రెండంగుళాల మేర రాగి నల్లగా పొడి పొడి అయిపోయింది. నీళ్లు తొడుగులోకి పాకి, నాలుగు నెలల పాటు నిదానంగా తిన్నాయి.

వేయాల్సింది జానెడు తీగ. కానీ కనుమ నాడు ఆటోనగర్ మొత్తం మూత. నాన్న ఫోన్ తీసి ఎవరితోనో ‘‘అన్నా, పండగ పూట ఇబ్బంది పెడుతున్నా...’’ అన్నారు. గంటలో ఓ పెద్దాయన బండి మీద వచ్చి తీగ, పిన్నులు, వేడి చేస్తే బిగుసుకునే స్లీవు ఇచ్చి వెళ్లారు. డబ్బులిస్తే ‘‘మీ నాన్న మా షాపు లెక్కలు ఊరికే చూసిపెట్టిన రోజులున్నాయి బాబూ’’ అన్నారు. గారెలు మాత్రం తిన్నారు.

పాడైన ముక్క కోసేసి, కొత్తది సోల్డర్ చేసి, స్లీవు వేశాను. పిన్నులు కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి, తడి తగలకుండా గ్రీజు రాసి బిగించాను. పనిలో పనిగా గేర్ ఆయిల్ కూడా మార్చాను. పండగ ముందే మాన్యువల్లో చెప్పిన గ్రేడు కొని పెట్టుకున్నాను. ఒకసారి విప్పితే సగమే కారుతుంది, మిగతాది టార్క్ కన్వర్టర్‌లో ఉండిపోతుంది. ఎంత దిగిందో కూల్‌డ్రింక్ సీసాలతో కొలిచి అంతే పోశాను. డ్రెయిన్ బోల్టు అయస్కాంతానికి సన్నటి బూడిద రంగు ముద్ద అంటుకుని ఉంది. అది మామూలే. ఇనుప పెళ్లలు కనిపించి ఉంటే మాత్రం ఆశ వదులుకునేవాణ్ని.

సాయంత్రం ఐదైంది. ‘‘కనుమ నాడు ప్రయాణం పెట్టుకోకూడదు’’ అంది అమ్మ. ‘‘వీధి చివరి దాకా పోవడం ప్రయాణమా?’’ అని నాన్న తాళాలు లాక్కున్నారు. డ్రైవింగ్ సీట్లో ఆయన, పక్కన ఫోన్ పట్టుకుని నేను. మొదటి గేరు... రెండు... మూడు. మెయిన్ రోడ్డెక్కాక నాలుగు. లైటు వెలగలేదు. వీధి చివర ఆగలేదాయన. బెంజ్ సర్కిల్ దాకా పోనిచ్చారు. అదే సిగ్నల్, అదే చోట ఆపి, గ్రీన్ పడగానే అందరికన్నా ముందు కదిలారు.

మీరూ చేస్తారా?

ఖర్చు మొత్తం చిట్టాలో ఉంది: స్కానర్, మల్టీమీటర్, ఆయిల్, స్ప్రే కలిపి రూ. 4,350. దీన్ని చూసి ఎవరైనా గేర్‌బాక్స్ ఇంట్లో విప్పొచ్చని నేననను. లోపలి క్లచ్‌లు పోయి ఉంటే నేనూ చేతులెత్తేసేవాణ్ని. నేను చెప్పేది ఒకటే. లక్షల ఎస్టిమేట్ వచ్చినప్పుడు ‘ఏ కోడ్ వచ్చింది? ఏం కొలిచి తేల్చారు?’ అని అడగండి. ముందు ఆయిల్, తర్వాత కోడ్, తర్వాత తీగలు, ప్లగ్గులు, ఆ తర్వాతే పెట్టె. కోడ్ చెరిపే ముందు రాసిపెట్టుకోండి. వరదలో తడిసిన బండి అయితే ప్లగ్గులన్నీ విప్పి చూపించండి. కారు కిందికి దూరాల్సి వస్తే జాకీని నమ్మకండి, స్టాండ్లు పెట్టి, చక్రాలకి అడ్డం వేశాకే దూరండి.

ముక్కనుమ నాడు బ్రోకర్ వచ్చాడు. నాన్నే గేటు దాకా వెళ్లి పంపించేశారు. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. లోపలికొచ్చి స్కూటర్ మీద దుప్పటి కప్పారు. తర్వాత చిట్టా పుస్తకం తెరిచి, ఆయిల్ మళ్లీ ఎప్పుడు మార్చాలని అడిగారు. నెల తర్వాత అన్నాను.

‘‘అయితే ఫిబ్రవరి 16 ఆదివారం. వస్తున్నావ్ కదా?’’ అని రాసుకున్నారు.

వెళ్లాను. మార్చిలో కూడా వెళ్లాను. ఆయిల్ అప్పటికి శుభ్రంగానే ఉంది. ఆ విషయం నాన్నకీ తెలుసు.