తన ఈసా.. నా యేసు

హైదరాబాద్ హాస్టల్లో నా రూమ్మేట్ ముస్లిం. 2025లో మా ఉపవాసాలు కలిసొచ్చాయి. మార్చి 2న తనకి రంజాన్, 5న భస్మ బుధవారంతో నాకు శ్రమల దినాలు మొదలయ్యాయి. సహరీకి తను లేస్తే నాకూ మెలకువ వచ్చేది. తను నమాజ్‌కి, నేను ప్రార్థనకి.

యేసు గురించి తనకి చెప్పాలని ఎప్పట్నుంచో ఉంది. వాక్యాలతో సహా బట్టీ పట్టేశా. ఓ రోజు ఇఫ్తార్ అయ్యాక మొదలుపెట్టా. రెండు మాటలు కాకముందే తను నవ్వింది.

"ఖురాన్‌లో 19వ సూరా పేరే మర్యం. ఈసా కన్యకి పుట్టాడని మేమూ నమ్ముతాం. నీకు తెలీదా?"

నిజంగా తెలీదు. ఏడాదిగా ఒకే గదిలో ఉంటూ, తన నమ్మకం గురించి ఒక్కసారీ అడగలేదు నేను!

కాసేపాగి మెల్లగా అంది, "మీ మతంలోకి మార్చడానికేనా ఈ ఫ్రెండ్‌షిప్?"

గుచ్చుకుంది. బట్టీ పట్టిందంతా పక్కన పెట్టేశా. నాన్న పోయిన రాత్రి ప్రార్థనలో నాకు దొరికిన ధైర్యం గురించి చెప్పా. "నువ్వూ నమ్మితే బాగుండనే ఉంది. నమ్మకపోయినా నువ్వు నా ఫ్రెండ్‌వే" అన్నా. నా చెయ్యి పట్టుకుని వింది.

తనకి ఈసా ప్రవక్త, సిలువ మీద చనిపోలేదు. నాకు యేసు దేవుని కుమారుడు, నా కోసమే సిలువెక్కాడు. ఆ తేడా అలాగే ఉంది. దాని గురించి ఇప్పుడు భయం లేకుండా మాట్లాడుకుంటాం.

మార్చి 31న పండక్కి వాళ్లింటి నుంచి షీర్ ఖుర్మా తెచ్చింది. నేనింకా ఉపవాసంలో ఉన్నానని, సాయంత్రం దాకా తనే దాచిపెట్టింది.